పేరు రాసే గడి ఎంత పొడవుండాలి

చిరంజీవి అమ్మలుకి,



నువ్వు చేసి పంపిన గ్రంథాలయ సభ్యత్వ ఫారం అందింది. కంప్యూటరులోనూ ఫోనులోనూ నింపి చూశాను. నువ్వు చదువుతున్నది వ్యవసాయం. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ నేర్చుకోమని నీకెవరూ చెప్పలేదు, నేర్చుకుంటే మార్కులు వేసేవాళ్లూ లేరు. అయినా మన ఊరి గ్రంథాలయానికి పనికొచ్చేది ఒకటి చేద్దామని కూర్చున్నావు చూడు, అందుకు చాలా సంతోషంగా ఉంది. ఈ వయసులో నేనూ సరదాకే ఇది నేర్చుకుంటున్నాను కాబట్టి నీ ఉత్తరం నాకు పండగలా ఉంది.

"ఇంకా బాగా రావాలంటే ఏ ఫ్రేమ్‌వర్క్ నేర్చుకోవాలి తాతయ్యా?" అని అడిగావు. ఇప్పట్లో ఏదీ వద్దు. నీ ఫారానికి కావలసినవన్నీ హెచ్‌టీఎంఎల్‌లోనే ఉన్నాయి. వాటిలో చాలా భాగం గత ఇరవై ఏళ్లలో వచ్చి చేరినవి. ముందు వాటితో పరిచయం పెంచుకో. అంతకంటే ముందు, ఈ ఫారం ఎవరి చేతిలో పడుతుందో ఒక్కసారి తలచుకో.

నా ఉద్యోగమంతా పోస్టాఫీసు కౌంటరు వెనకే గడిచింది. మనియార్డరు ఫారం, పొదుపు ఖాతా ఫారం, రిజిస్టరు పోస్టు చీటీ, ఏదైనా సరే, నింపడం రాక "బాబూ, కాస్త రాసిపెట్టు" అని వచ్చేవాళ్లు రోజూ ఉండేవాళ్లు. చదువు వచ్చినవాళ్లు కూడా కొన్ని గడుల దగ్గర ఆగిపోయేవాళ్లు. వాళ్లకు తెలివి తక్కువై ఆగేవాళ్లు కాదు. అక్కడ ఏం అడుగుతున్నారో ఫారం సరిగ్గా చెప్పేది కాదు. ఒక్కొక్క గడీ ముక్కూమొహం తెలియని మనిషిని మనం అడిగే ఒక్కొక్క ప్రశ్న. ఎదురుగా ఉంటే వివరించి చెప్పగలం. ఫారం వెనక మనం ఉండం, కాబట్టి ఆ వివరమంతా ఫారంలోనే ఉండాలి.

ఈ లెక్కన నీ ఫారంలో మొదట చేయవలసింది కొన్ని ప్రశ్నలు తీసేయడం. తండ్రి పేరు, పుట్టిన తేదీ, వృత్తి, ఈమెయిలు అన్నీ అడిగావు, అన్నింటికీ తప్పనిసరి అని చెప్పే రిక్వైర్డ్ పెట్టావు. పుస్తకం ఇంటికి ఇవ్వడానికి గ్రంథాలయానికి కావలసింది పేరు, చిరునామా, ఫోను నంబరు, పిల్లల సభ్యత్వమా పెద్దల సభ్యత్వమా అన్నది. ఈమెయిలు లేనివాళ్లు మన ఊళ్లో సగం మంది ఉంటారు, వాళ్లను గడప దగ్గరే ఆపేస్తామా? అడగనిదాన్ని భద్రపరచాల్సిన బాధ్యత కూడా ఉండదు. ఫోను నంబర్ల జాబితా ఎవరి చేతిలోనైనా పడితే ఏమవుతుందో నీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక లేబుల్ సంగతి. గడి లోపల లేత బూడిద రంగులో "మీ పేరు" అని ప్లేస్‌హోల్డర్ పెట్టి వదిలేశావు. చూడ్డానికి శుభ్రంగానే ఉంది. కానీ మొదటి అక్షరం కొట్టగానే ఆ మాట మాయమవుతుంది. మధ్యలో ఎవరో పిలిస్తే వెళ్లి వచ్చినవాళ్లకు ఏ గడి దేనికో తెలియదు. ఆ లేత రంగు నా కళ్లకు సరిగ్గా ఆనలేదు కూడా. లేబుల్ ట్యాగు 1997లో, హెచ్‌టీఎంఎల్ 4తో వచ్చింది. ఇన్‌పుట్‌కు ఒక ఐడీ ఇచ్చి, లేబుల్‌లో ఫర్ దగ్గర అదే ఐడీ రాస్తే రెండూ ముడిపడతాయి. అప్పుడు లేబుల్ మీద వేలు పెట్టినా కర్సరు గడిలోకి వెళ్తుంది. రేడియో బటన్లు, చెక్‌బాక్సుల విషయంలో ఇది ఎంత మేలో వేలు వణికే పెద్దవాళ్లను అడుగు. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడరు ఆ గడి దగ్గరికి రాగానే లేబుల్‌లోని మాటే పైకి చదువుతుంది. ఒక్క వరుస రాయడానికి బద్ధకించి ఇంతమందికి అడ్డుపడటం నాకు ఏనాడూ నచ్చదు. పిల్లల సభ్యత్వం, పెద్దల సభ్యత్వం అన్న రెండు బటన్లనూ ఫీల్డ్‌సెట్‌లో పెట్టి, పైన లెజెండ్‌లో "ఏ సభ్యత్వం కావాలి?" అని రాయి. అదీ అప్పుడే వచ్చింది.

కొంచెం పాత కథ చెప్తాను, అవసరమై చెప్తున్నాను. 1995 నవంబరులో హెచ్‌టీఎంఎల్ 2.0 ప్రమాణంగా వచ్చినప్పుడు ఫారాల్లో ఉన్నవి కొన్నే, ముఖ్యంగా ఇవి: అక్షరాలు రాసే గడి, పాస్‌వర్డు గడి, చెక్‌బాక్సు, రేడియో బటను, ఎంచుకునే జాబితా, ఎక్కువ రాసుకునే టెక్స్ట్ఏరియా, పంపే బటను. ఈమెయిలు సరిగ్గా రాశారా, తేదీ సరిగ్గా ఉందా అన్నది చూసే దిక్కు బ్రౌజరులో లేదు. అందుకని ప్రతి సైటువాళ్లూ సొంతంగా జావాస్క్రిప్ట్ రాసుకున్నారు. ఆ తర్వాత వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ ఎక్స్‌ఫారమ్స్ అనే కొత్త పద్ధతి తెచ్చింది, 2003లో అది ప్రమాణమైంది. ఆలోచన గొప్పదే, కానీ అప్పటికే ఉన్న పేజీలకు అది అతకదు. ప్రధాన బ్రౌజర్లేవీ దాన్ని సొంతం చేసుకోలేదు. ఉన్న ఫారాలనే మెరుగుపరుద్దామని మొజిల్లా, ఒపేరా వాళ్లు 2004లో డబ్ల్యూ3సీ సభలో ప్రతిపాదిస్తే ఓట్లు పడలేదు. అప్పుడు యాపిల్, మొజిల్లా, ఒపేరా వాళ్లు కలిసి వాట్‌డబ్ల్యూజీ అనే బృందం పెట్టుకున్నారు. ఇయాన్ హిక్సన్ సంపాదకత్వంలో వెబ్ ఫారమ్స్ 2.0 అని వాళ్లు రాసిందే తర్వాత హెచ్‌టీఎంఎల్ 5లో కలిసింది, 2014 అక్టోబరులో డబ్ల్యూ3సీ ముద్ర కూడా పడింది. 2019 నుంచి రెండు పక్షాలూ ఒకే ప్రమాణం మీద పనిచేస్తున్నాయి. అది పుస్తకంలా ముగిసిపోయేది కాదు, ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుంది.

ఇదంతా ఎందుకంటే, నువ్వు చూసి నేర్చుకున్న పాఠాల్లో చాలావాటికి ఇంకా ఆ పాత వాసన పోలేదు. గడి ఖాళీగా ఉందా అని చూడ్డానికి నువ్వు రాసిన స్క్రిప్టంతా రిక్వైర్డ్ అన్న ఒక్క మాటతో తీరిపోతుంది. సరదాగా నేర్చుకునేవాళ్లకు ఇది పెద్ద వరం. తక్కువ రాస్తాం, రాసినదంతా మనకు అర్థమవుతుంది.

అయితే బ్రౌజరు ఇచ్చింది కదా అని అన్నీ కళ్లుమూసుకుని పెట్టకు. పిన్‌కోడుకూ ఫోను నంబరుకూ టైప్ నంబర్ పెట్టావు. అంకెలే కదా అనిపిస్తుంది, కానీ అవి లెక్కలు కట్టే సంఖ్యలు కావు. రెండు పిన్‌కోడులను ఎవరైనా కూడతారా? టైప్ నంబర్ పెడితే కంప్యూటరులో పక్కన పైకీ కిందికీ బాణాలు వస్తాయి, మౌసు చక్రం తిప్పితే కొన్ని బ్రౌజర్లలో రాసిన అంకె మారిపోతుంది. ఫోను నంబరు ముందు ప్లస్ గుర్తుతో 91 వేద్దామంటే కుదరదు. బ్రిటన్ ప్రభుత్వ సైట్లవాళ్లు కూడా ఇలాంటి ఇబ్బందులు చూశాకే దాన్ని మానేశారు. పిన్‌కోడుకు మామూలు టెక్స్ట్ గడి పెట్టి, ఇన్‌పుట్‌మోడ్ న్యూమరిక్ అని రాయి. ఫోనులో అంకెల కీబోర్డు వస్తుంది, గడి మాత్రం అక్షరాల గడిగానే ఉంటుంది. ఫోను నంబరుకు టైప్ టెల్ ఉంది. అది ఏదీ తనిఖీ చేయదు, సరైన కీబోర్డు చూపిస్తుంది, అంతే. అదే చాలు.

పిన్‌కోడు తనిఖీకి ప్యాటర్న్ వాడు. ఇది నా పాత శాఖ సంగతి కనుక కాస్త ఇష్టంగానే చెప్తాను. మన దేశంలో పిన్‌కోడు 1972 ఆగస్టు 15న మొదలైంది. మొత్తం 6 అంకెలు. మొదటి అంకె ప్రాంతాన్ని చెబుతుంది, అది ఎప్పుడూ సున్నా కాదు. మొదటి మూడు కలిసి ఉత్తరాలు వేరుచేసే జిల్లాను, చివరి మూడు పంచే పోస్టాఫీసును చెబుతాయి. తెలుగు రాష్ట్రాల పిన్‌కోడులన్నీ 5తోనే మొదలవుతాయి. కాబట్టి "మొదట 1 నుంచి 9లో ఒక అంకె, తర్వాత ఏవైనా 5 అంకెలు" అని నియమం రాస్తే సరిపోతుంది. మొదటి అంకె 5 అయి తీరాలని మాత్రం రాయకు. పక్క రాష్ట్రంలో ఉండి సెలవులకు వచ్చే పిల్లలు కూడా సభ్యులు కావచ్చు. ఇంకో మాట, ప్యాటర్న్ ఖాళీ గడిని పట్టించుకోదు. ఆ పని రిక్వైర్డ్‌ది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నీ ఫారంలో నన్ను బాగా ఆలోచనలో పడేసింది పేరు గడి. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు పెట్టావు. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. ఇంటిపేరును పొడి అక్షరంగా రాసేవాళ్లున్నారు, పూర్తిగా రాసేవాళ్లున్నారు, చివర్లో రాసేవాళ్లూ ఉన్నారు. అసలు ఇంటిపేరే వాడనివాళ్లూ ఉన్నారు. వాళ్లంతా ఆ రెండు గడుల ముందు కూర్చుని ఏది ఎక్కడ రాయాలా అని తికమకపడాలి. "పూర్తి పేరు" అని ఒకే గడి పెట్టు. ఎవరి పేరు వాళ్లు ఎలా రాసుకుంటారో అలా రాసుకోనీ.

రెండో సంగతి: ఎక్కడి నుంచో తెచ్చిన ప్యాటర్న్ ఆ గడికి తగిలించావు, ఇంగ్లిషు అక్షరాలు తప్ప మరొకటి ఒప్పుకోదు. తెలుగు గ్రంథాలయం, తెలుగు పుస్తకాలు, సభ్యుడు తన పేరు తెలుగులో రాస్తే ఫారం "సరిగ్గా రాయండి" అని తిరగ్గొడుతుంది! ఇది నాకు నిజంగా బాధనిపించింది. నువ్వు కావాలని చేయలేదని తెలుసు. ఆ ప్యాటర్న్ రాసినవాళ్లకు మన అక్షరాలు గుర్తులేవు. పేరుకు ప్యాటర్న్ అసలు పెట్టకు. చుక్క, ఖాళీ, తెలుగు, ఇంగ్లిషు, ఉర్దూ ఏది వచ్చినా పేరు పేరే.

మూడోది మ్యాక్స్‌లెంగ్త్. గడిలో ఎంత పొడవు వరకు రాయొచ్చో చెప్పే హద్దు అది, 20 అని పెట్టావు. మ్యాక్స్‌లెంగ్త్ మన కంటికి కనిపించే అక్షరాలను లెక్కపెట్టదు. యూనికోడ్‌లో దాచుకునే ముక్కలను లెక్కపెడుతుంది. "లక్ష్మి" కంటికి రెండు అక్షరాలు. కంప్యూటరుకు ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, మొత్తం 7 ముక్కలు. "శ్రీ" ఒక్కటే 4. ఈ లెక్కన ఇంటిపేరుతో కలిపి "వెంకట సుబ్రహ్మణ్యం" అని రాద్దామనుకునే మనిషికి నీ 20 ఎక్కడ చాలుతుంది? పేరు మధ్యలోనే కీబోర్డు పనిచేయడం మానేస్తుంది, ఎందుకో ఎవరూ చెప్పరు. కంప్యూటరులో దాచే చోట ఏదో ఒక హద్దు తప్పకపోతే 200 పెట్టుకో.

ఇక్కడే రూపం గురించీ నాలుగు మాటలు. పేజీ మొదట్లో హెచ్‌టీఎంఎల్ ట్యాగులో లాంగ్ దగ్గర తెలుగు అని, అంటే టీ, ఈ అన్న రెండక్షరాల గుర్తుతో, చెప్పు. స్క్రీన్ రీడరు ఏ భాష గొంతుతో చదవాలో దాన్నిబట్టే తెలుసుకుంటుంది. గడులకు ఎత్తును పిక్సెళ్లలో బిగించకు. మన వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి వెళ్తాయి, ఇంగ్లిషుకు సరిపోయే ఎత్తులో అవి తెగిపోతాయి. ఇన్‌పుట్ గడులు పేజీలోని ఫాంటును వాటంతటవి తీసుకోవు, పేజీ రూపాన్ని దిద్దే సీఎస్ఎస్‌లో ఫాంట్ ఇన్‌హెరిట్ అని చెప్పాలి. అక్షరాల పరిమాణం 16 పిక్సెళ్లకు తగ్గితే ఐఫోనులో గడి ముట్టుకోగానే పేజీ మొత్తం పెద్దదై పక్కకు జరుగుతుంది. అదీ చూసుకో.

తప్పు రాసినప్పుడు ఎలా చెప్పాలి అన్నది ఇంకో పెద్ద విషయం. నీ ఫారం తెరవగానే అన్ని గడులూ ఎర్రగా ఉన్నాయి. ఇంకా ఒక్క అక్షరం రాయకముందే తప్పులు పట్టినట్టయింది. నువ్వు వాడిన ఇన్‌వ్యాలిడ్ అన్న సెలెక్టరు చేసే పని అది. ఖాళీ గడికి రిక్వైర్డ్ ఉంటే ఆ సెలెక్టరు దృష్టిలో ఆ గడి మొదటి నుంచే తప్పు. ఇప్పుడు యూజర్-ఇన్‌వ్యాలిడ్ అని కొత్తది వచ్చింది, 2023 చివరికల్లా ప్రధాన బ్రౌజర్లన్నింటిలో చేరింది. అది మనిషి రాసి, ఆ గడి దాటి వెళ్లేదాకా ఆగుతుంది. అప్పటికీ తప్పు ఉంటేనే చూపిస్తుంది. కొత్తగా వచ్చినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే. కౌంటరులో కూర్చున్నప్పుడు మేమూ అలాగే చేసేవాళ్లం, రాస్తున్న చేతి మీదుగా తొంగిచూసి తప్పు అనేవాళ్లం కాదు.

బ్రౌజరు చూపే హెచ్చరిక బ్రౌజరు ఏ భాషలో ఉంటే ఆ భాషలో వస్తుంది. మన ఊళ్లో చాలామంది ఫోన్లలో అది ఇంగ్లిషు. తెలుగులో చెప్పాలంటే సెట్‌కస్టమ్‌వ్యాలిడిటీ అనే చిన్న స్క్రిప్టు కావాలి. అందులో "పిన్‌కోడులో 6 అంకెలుండాలి" అని రాయి. "తప్పు సమాచారం" అని మాత్రం రాయకు, దానివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. ఈ స్క్రిప్టులో ఒక మెలిక ఉంది: సందేశం పెట్టాక, మనిషి సరిచేసుకోవడం మొదలుపెట్టగానే ఖాళీ సందేశం పెట్టి పాతదాన్ని తుడిచేయాలి. తుడవకపోతే ఎంత సరిగ్గా రాసినా ఫారం కదలదు.

తెర మీద పెట్టెలు తెరిచే డైలాగ్, పాపోవర్, నొక్కితే దాచిన వివరం విప్పి చూపే డీటెయిల్స్ గురించి ఉత్సాహంగా రాశావు. మంచివే. డైలాగ్ 2022 మార్చి నుంచి అన్ని ప్రధాన బ్రౌజర్లలో ఉంది. "పంపేముందు ఒకసారి చూసుకోండి" అన్న పెట్టెకు అది చక్కగా సరిపోతుంది. షోమోడల్‌తో తెరిస్తే వెనక పేజీని ముట్టుకోనివ్వదు, ఎస్కేప్ నొక్కితే మూసుకుంటుంది, ఇదివరకు దీనికి పెద్ద స్క్రిప్టే రాయాల్సి వచ్చేది. గ్రంథాలయ నియమాలను డీటెయిల్స్‌లో పెట్టుకో. చిరునామాలో ఊరి పేరుకు డేటాలిస్ట్ పెడితే చుట్టుపక్కల ఊళ్ల పేర్లు సూచనగా వస్తాయి, లేని ఊరైతే సొంతంగా రాసుకోవచ్చు. ఎంపిక జాబితాను నచ్చిన రంగుల్లో దిద్దుకునే బేస్-సెలెక్ట్ పద్ధతి 2025లో క్రోమ్‌లో వచ్చింది, అది లేని బ్రౌజరులో జాబితా పాత రూపంలోనే కనబడుతుంది, ఎవరికీ నష్టం లేదు. కొత్తది ఏది చూసినా ఇదే అడుగు: ఇది పనిచేయని పాత ఫోనులో నా ఫారం నింపగలరా? నింపగలిగితే వాడు. ఏ బ్రౌజరులో ఏది ఎప్పుడొచ్చిందో ఎండీఎన్ అనే వెబ్ సమాచార సైటు పేజీల్లో బేస్‌లైన్ గుర్తుతో ఉంటుంది, అక్కడ చూసుకో.

అంతగా ఎవరూ మెచ్చుకోని ఆటోకంప్లీట్‌ను మరచిపోకు. పేరు గడికి నేమ్, ఫోనుకు టెల్, పిన్‌కోడుకు పోస్టల్-కోడ్ అని రాస్తే ఫోనులో ముందే దాచుకున్న వివరాలు ఒక్క తాకుడుతో వచ్చి కూర్చుంటాయి. కీబోర్డుతో కుస్తీ పట్టే నా వయసువాళ్లకు డైలాగ్ కంటే ఇదే మేలు చేస్తుంది.

ఇక పంపడం సంగతి. నేమ్ అనే లక్షణం (ఆటోకంప్లీట్‌లో రాసే నేమ్ వేరు) లేని గడిలో రాసింది అసలు బయల్దేరదు. నీ చిరునామా గడికి నేమ్ లేదు, చూసుకో. ఫారాన్ని ఎలా పంపాలో చెప్పే మెథడ్ దగ్గర గెట్ ఉంది. గెట్ పెడితే రాసినవన్నీ పైన అడ్రసు పట్టీలో కనిపిస్తాయి, బ్రౌజరు చరిత్రలోనూ మిగిలిపోతాయి. వెతుకులాటకు అది సరే, మనుషుల ఫోను నంబర్లకు పోస్ట్ పెట్టాలి. బ్రౌజరు చేసే తనిఖీలన్నీ నింపేవాళ్ల సౌకర్యం కోసమే. కావాలనుకున్నవాళ్లు వాటిని తప్పించుకుని ఏదైనా పంపగలరు. అందుకని అందుకునే చోట మళ్లీ తనిఖీ చేయాల్సిందే. సర్వరు వైపు పని నీకింకా రాదు కాబట్టి, అది నేర్చుకునేదాకా ఈ ఫారాన్ని గ్రంథాలయంలోని కంప్యూటరులో నింపి, అక్కడే ప్రింటు తీసి సంతకం పెట్టించే పద్ధతిలో వాడమని నా సలహా. అలాగైనా అది నిజమైన ఫారమే, నిజమైన మనుషులే నింపుతారు.

దసరా సెలవులకు ఊరు వస్తున్నావుగా. ఈలోగా పేరు గడి, లేబుళ్లు, ఎర్ర రంగు, ఈ మూడూ సరిచేయి. మిగతావి తర్వాత చూద్దాం. వచ్చాక లైబ్రేరియన్ గారి అనుమతి అడిగి ఒక పూట అక్కడ కూర్చో. వచ్చినవాళ్లతో ఫారం నింపించు, పక్కన ఉండి ఏమీ చెప్పకు. ఎవరు ఎక్కడ ఆగారో, ఏం అడిగారో కాగితం మీద రాసుకుని, ఆ కాగితం నాకు పంపించు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య